జోన్ మారుతుందని నమ్మి ప్లాటు కొనొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. నేను ప్రభుత్వ టీచర్ని, మావారికి మెడికల్ షాపు ఉంది. శంకర్‌పల్లి వైపు 200 గజాల ప్లాటు గజం 14 వేలకు ఇస్తామంటున్నారు. పక్కనే అప్రూవ్డ్ లేఅవుట్‌లో 24 వేలు నడుస్తోందట. ఇది ప్రస్తుతం కన్జర్వేషన్ జోన్, అంటే ఇళ్ల లేఅవుట్లకు అనుమతి లేని ప్రాంతం. రెసిడెన్షియల్‌కు మార్చమని హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ)లో ఫైలు పెట్టామని, ఆరు నెలల్లో వచ్చేస్తుందని, నాలా కూడా అయిపోయిందని చెబుతున్నారు. మొత్తం ఇప్పుడే కడితేనే ఈ రేటట. మాకు 30 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప ఇంటర్ సెకండియర్. కొనమంటారా?

జవాబు: వద్దండి. ఈ దశలో మాత్రం కొనకండి.

మీకు చెప్పిన వాటిలో నాలా సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అది నిజమే కావొచ్చు, కానీ దాంతో మీ పని జరగదు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ రికార్డుల్లో మార్చడం. అక్కడ ఇళ్లు కట్టొచ్చా, గోడౌన్ వేయొచ్చా అన్నది తేల్చేది హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్. 2013లో నోటిఫై అయిన 2031 ప్లాన్‌లో ఆ సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో ఉన్నంతకాలం నాలా ప్రొసీడింగ్స్ చేతిలో ఉన్నా లేఅవుట్‌కు పర్మిషన్ రాదు. ఈ తేడా తెలియక మోసపోయినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇక ఫైలు సంగతి. జోన్ మార్చమని దరఖాస్తు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, వ్యాపారులు పెట్టుకుంటూనే ఉంటారు. అధికారులు స్థలానికి వెళ్లి అప్రోచ్ రోడ్డు వెడల్పు, దగ్గర్లో చెరువుంటే దాని ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ చూస్తారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే బఫరే 30 మీటర్లు. ఆ రిపోర్టు మున్సిపల్ శాఖకు వెళ్తుంది. ప్రభుత్వం ఒప్పుకుంటే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులతో డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు. వాటిని పరిశీలించి, చార్జీలు కట్టించుకున్నాకే ఫైనల్ జీవో. ఇందులో ఎక్కడైనా ఆగిపోవచ్చు, మార్చి తీరాలన్న హక్కు దరఖాస్తుదారుకు లేదు. శంకర్‌పల్లి మండలంలో కొన్ని గ్రామాలు జంట జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో జాబితాలో ఉన్నాయి. మీ ప్లాటున్న ఊరు అందులో ఉందేమో విడిగా చూసుకోవాలి.

జీవో వచ్చినా కథ అయిపోదు. లేఅవుట్‌కు డ్రాఫ్ట్ ఎల్పీ నంబరు, అంటే తాత్కాలిక లేఅవుట్ పర్మిషన్ నంబరు తెచ్చుకోవాలి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు హెచ్ఎండీఏకు తనఖా ఉంటాయి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రచారం చేయడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. మొత్తం ఇప్పుడే కట్టమంటున్నారంటే, వ్యాపారి భరించాల్సిన రిస్కును మీ నెత్తిన పెడుతున్నారన్నమాట.

లెక్క కూడా చూద్దాం. ప్లాటుకు 28 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 2.1 లక్షలు, మొత్తం 30 లక్షల పైమాటే. అన్నీ కలిసొచ్చి, ఐదేళ్లకు గజం 24 వేల చొప్పున అమ్మితే 48 లక్షలు. లాభంపై 12.5 శాతం పన్ను పోతే సుమారు 45.7 లక్షలు. అదే డబ్బు ఎఫ్‌డీలో 7 శాతం వడ్డీకి ఉంచితే, 20 శాతం పన్ను పోయినా 39 లక్షలు దాటుతుంది. తేడా ఆరు లక్షల చిల్లర. అప్పటికి భూమి రేటు ఇంకా పెరగొచ్చు కదా అని మీవారు అనొచ్చు. పెరగొచ్చు, కానీ జోన్ మారితేనే ఆ రేటు మీకు దక్కుతుంది. మారకపోతే ఇల్లు కట్టలేరు, బ్యాంకు లోనివ్వదు, కొనేవాడు దొరకడు. సరిగ్గా అప్పుడే పాప ఫీజులు కట్టాల్సి వస్తుంది.

అందుకని ముందు ఇంటర్ తర్వాత పాప నాలుగేళ్ల చదువుకు కావాల్సింది పక్కన పెట్టండి. ఏటా ఫీజు కట్టే నెలకు ఒకటి మెచ్యూర్ అయ్యేలా ఆ మొత్తాన్ని నాలుగు ఎఫ్‌డీలుగా చేయండి. మిగిలినదానితో భూమే కొనాలనిపిస్తే ఫైనల్ లేఅవుట్ అయిన చోట, గజం 24 వేలైనా సరే, చిన్న ప్లాటు చూడండి.

ఈలోగా ఆ సర్వే నంబరుకు హెచ్ఎండీఏలో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. అమ్మేవాళ్లను డ్రాఫ్ట్ నోటిఫికేషన్ కాపీ, రెరా నంబరు అడగండి. ఆ రెండూ చూపించలేకపోతే వెయ్యి రూపాయల టోకెన్ కూడా ఇవ్వకండి.