పెళ్ళికి నాలుగు వారాల ముందు మా అమ్మాయికి

విజయనగరం

చి.ల.సౌ. మా అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో నీ సంగతి చెప్పినప్పటి నుంచి నా మనసంతా నీ దగ్గరే ఉంది. పగలంతా సచివాలయంలో పని చేసి, సాయంత్రం శ్రీకాకుళం బజారులో పెళ్ళి సామాను కోసం తిరిగి, రాత్రి పన్నెండు దాటేవరకు శుభలేఖల మీద పేర్లు రాస్తూ, మధ్యాహ్న భోజనానికి బదులు టీ తాగి సరిపెట్టుకుంటున్నావట. ఇలాగే మరో నాలుగు వారాలు గడిస్తే పీటల మీద కూర్చునే వేళకు నీకు కళ్ళు తెరిచి చూసే ఓపిక కూడా మిగలదు.

నా పెళ్ళి 1986 వైశాఖంలో జరిగింది. అప్పటికి నేను ఉన్నత పాఠశాలలో టీచరుగా చేరి రెండేళ్ళయింది. వార్షిక పరీక్షల మార్కుల రిజిస్టరు ఇంకొకరికి అప్పగించడానికి మనసొప్పక, ఇంటికి తెచ్చుకుని రేపు మాపు అంటూ పెట్టుకున్నాను. చివరికి నలుగు పెట్టిన రోజు మధ్యాహ్నం బడి నుంచి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, పసుపు చేతులతోనే కూడికలు వేసి పంపాను. ఆ పేజీ అంచున నా బొటనవేలి పసుపు ముద్ర పడిపోయింది. నా సహోద్యోగిని ఒకామె రెండుసార్లు అడిగినా ఆ పని ఆమెకు ఇవ్వకపోవడం నా పొరపాటే. నీవు ఆ పొరపాటు చేయకూడదనే ఈ ఉత్తరం.

ముందుగా ఉద్యోగం సంగతి చూసుకో. ముహూర్తం ఎనిమిదో తేదీ, పింఛన్ల పంపిణీ ఒకటో తేదీ. పెళ్ళికూతురిని చేసిన తరువాత పొలిమేర దాటకూడదని మన ఇళ్ళలో పట్టింపు ఉంది కాబట్టి, ఆ కార్యక్రమం ఐదో తేదీన పెట్టించమని పంతులుగారిని ఇప్పుడే అడగమని మీ నాన్నగారితో చెప్పు. చివరి వారంలో అడిగితే అది గొడవగా మారుతుంది, ఇప్పుడు అడిగితే ఆయన పంచాంగం చూసి సర్దుబాటు చేస్తారు. ఒకటో తేదీ ఉదయాన్నే పంపిణీకి వెళ్ళి, ఇళ్ళ దగ్గర లేనివారి పింఛన్లు రెండో తేదీన ముగించుకుంటే రెండు రోజుల విశ్రాంతి కూడా దొరుకుతుంది. గోరింటాకు మాత్రం ఆ పని అయ్యాకనే పెట్టుకో. వేలికొనలకు ఎర్రగా పండిన తరువాత వేలిముద్ర యంత్రం దగ్గర అవస్థ పడినవాళ్ళను నేను చూశాను.

సెలవు విషయంలో నిబంధన గుర్తు పెట్టుకో. సాధారణ సెలవును (సీఎల్) ఆదివారాలతో, పండుగ సెలవులతో కలుపుకున్నా మొత్తం 10 రోజులు మించకూడదు, దానిని ఆర్జిత సెలవుతో (ఈఎల్) కలపడం కూడా కుదరదు. పెళ్ళి, సత్యనారాయణ వ్రతం, అత్తవారింటి మర్యాదలు అన్నీ లెక్క వేస్తే నీకు పది రోజులు చాలవు కాబట్టి, మొదటి రోజు నుంచే ఆర్జిత సెలవుకు దరఖాస్తు పెట్టి, మంజూరు కాగితం చేతికి వచ్చేవరకు వెంటపడు. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకు.

నీవు సెలవులో ఉన్నప్పుడు నీ పింఛను ఇళ్ళు చూసే సహోద్యోగిని ఈ నెలలోనే ఒక సాయంత్రం నీ వెంట ఆ వీధుల్లో తిప్పు. ఏ అవ్వకు వేళ్ళు అరిగి ముద్ర పడదో, ఏ తాత కూతురి ఇంటికి వెళ్ళి ఉంటాడో, ఎవరికి చెవులు వినబడక రెండుసార్లు తలుపు తట్టాలో కాగితం మీద రాసిస్తే అర్థం కాదు, ఆ గుమ్మం ముందు నిలబడి చూపించాలి. ఆ ఒక్క సాయంత్రం ఖర్చు చేస్తే నీ సెలవులో నీకు ఫోను రాదు.

ఇంటి పనులకూ ఇదే పద్ధతి. నీవు తప్ప ఎవరూ చేయలేనివి జాకెట్టు కొలతలు, నీ స్నేహితుల పిలుపులు, నీ నిద్ర, నీ తిండి, అంతే. మిగిలినవన్నీ పేరుపేరునా పంచెయ్. పంచడమంటే డబ్బు, ఫోను నంబరు, గడువు, నిర్ణయించే అధికారం నాలుగూ కలిపి ఇవ్వడం. వంటవారి బాధ్యత మీ మేనమామకు ఇచ్చావనుకో, ఎంతమందికి వండాలో, ఏమేమి వడ్డించాలో ఒకసారి కూర్చుని తేల్చి, బయానా సొమ్ము ఆయన చేతిలో పెట్టి, ఆ తరువాత గుమ్మడికాయ దప్పళమా, ముక్కల పులుసా అని నీవు ఫోను చేయకూడదు. ఆయన నీకంటే భిన్నంగా చేస్తారు, చేయనీ. నాకు తెలిసినంతలో పెళ్ళికూతుళ్ళు అలిసిపోయేది పనుల వల్ల కంటే, అప్పగించిన పనులను మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకోవడం వల్లనే.

బొట్టు పెట్టి పిలవడం మన జిల్లాల్లో తప్పనిసరి కనుక దానిని దారుల వారీగా విడగొట్టండి. నరసన్నపేట, టెక్కలి వైపు మీ నాన్నగారు, ఆమదాలవలస, పాలకొండ వైపు మేనమామ, ఎచ్చెర్ల, రణస్థలం వైపు మీ తమ్ముడు, అమ్మ వెళ్తే సరిపోతుంది. విజయనగరంలో చుట్టాలను నేను, మీ పెదనాన్నగారు పిలుస్తాము. నీవు అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామి పాదాల దగ్గర మొదటి శుభలేఖ పెట్టి రా, చాలు.

పెద్దలకు పెట్టడానికి పొందూరు పంచెలు అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, చేమగ్గం మీద నేసే బట్ట అది, చివరి వారంలో వెళ్ళి కావలసినన్ని ఇమ్మంటే దొరకదు, ఈ వారమే చెప్పి ఉంచాలి. జాకెట్ల విషయమూ అంతే. మూఢాలు, ఆషాఢం పోగా మిగిలిన కొద్ది ముహూర్తాలలోనే అందరి పెళ్ళిళ్ళూ వచ్చి పడతాయి కాబట్టి, నీ దర్జీ దగ్గర నీలాంటి పెళ్ళికూతుళ్ళు ఇంకా చాలామంది ఉంటారు. ముందు ఒక జాకెట్టు మాత్రం కుట్టించి, వేసుకుని చూసి, సరిపోయాకే మిగిలినవి కోయించు.

తిండి గురించి మళ్ళీ చెబుతున్నాను. పొద్దున్నే ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి మజ్జిగ కలుపుకుని తాగకుండా గుమ్మం దాటవద్దు. వైశాఖం ఎండలో ఖాళీ కడుపుతో ఆటోల్లో తిరిగితే కళ్ళు తిరుగుతాయి. ముహూర్తం రాత్రి పదకొండు గంటలకు కదా, ఆ రోజు గౌరీపూజ వరకు ఉపవాసం ఉండాలి కనుక, ముందు మూడు రాత్రులు పది గంటలకల్లా ఫోను అమ్మకు ఇచ్చి పడుకో.

శుభలేఖలు రెండు, దంపతులుగా దిగిన ఫోటోలు దాచి ఉంచండి, వివాహం రిజిస్టరు చేయించుకునేటప్పుడు అడుగుతారు.

నేను నాలుగో తేదీ సాయంత్రానికి మీ ఇంటికి చేరుకుంటాను. చోడి పిండి రెండు కిలోలు ఆడించి తెస్తున్నాను. దర్జీ చీటీ నా పేరు మీద తీసి ఉంచు, జాకెట్లు తెచ్చే పని నాది.

మీ పెద్దమ్మ