జంట చీలికల గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఎలక్ట్రాన్లను రెండు సన్నటి చీలికల గుండా పంపి, అవతలి తెర మీద పడే చారలను చూసే జంట చీలికల ప్రయోగం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది, చదివించే గుణమూ ఉంది. కానీ మూడు పేరాలు గడిచినా ఎలక్ట్రాన్ జాడ లేదు. ఆపాటికే మాయ వచ్చేసింది, చైతన్యం వచ్చేసింది, ఉపనిషత్తు కూడా వచ్చి కూర్చుంది. పెళ్ళికొడుకు విడిదికి రాకముందే పంక్తి లేచిపోయినట్టుంది.

ముందు తెర మీద ఏం పడిందో చూపించు. 1989లో జపాన్‌లోని హిటాచీ పరిశోధనశాలలో అకిరా తొనొమురా బృందం తీసిన చిత్రాలతో మొదలుపెట్టు. వాళ్ళు ఎలక్ట్రాన్లను 50,000 వోల్టులతో ఉరికించారు. అంటే కాంతి వేగంలో సుమారు 40 శాతం. వాటిని సెకనుకు వెయ్యికి మించకుండా వదిలారు. ఈ రెండు అంకెలతో నువ్వే లెక్క కట్టు: ఒక ఎలక్ట్రాన్‌కీ దాని వెనకాల వచ్చేదానికీ మధ్య సగటున 120 కిలోమీటర్ల ఎడం వస్తుంది. పరికరమేమో ఒక గదిలో పట్టేది. ఒకటి తెరను తాకే వేళకు రెండోది సాధారణంగా ఇంకా బయలుదేరనే లేదన్నమాట. ఎలక్ట్రాన్లు గుంపుగా వెళ్తూ ఒకదాన్నొకటి తోసుకుని చారలు కట్టాయేమో అన్న అనుమానం ఆ ఒక్క లెక్కతో తీరిపోతుంది. చదివేవారికి మొదట కలిగే అనుమానం అదే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఆ చిత్రాల్లో పది ఎలక్ట్రాన్లు పడ్డప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు. వందల్లో పడ్డా చల్లిన ఆవాల్లాగే ఉంటాయి. వేలకు వేలు చేరాక నిలువు చారలు లీలగా తేలతాయి, లక్ష దాటాక స్పష్టమవుతాయి. ఏ దశలోనూ అర చుక్క, పావు చుక్క పడలేదు. ప్రతి ఎలక్ట్రాన్ పూర్తి చుక్కగానే, ఒకే చోట పడింది. ఈ పేరా నీ వ్యాసానికి ప్రాణం. ఒక పేజీ తీసుకున్నా ఫరవాలేదు.

ఇక్కడ నువ్వు ఒక పొరపాటు చేశావు. తొనొమురా వాడినవి రెండు చీలికలు కావు. రెండు పలకల మధ్య సన్నటి తీగ ఒకటి ఉంటుంది. దానికి ధన వోల్టేజి ఇస్తే అటు పక్కనుంచీ ఇటు పక్కనుంచీ వచ్చే ఎలక్ట్రాన్ తరంగాలు లోపలికి వంగి కింద కలుస్తాయి. దీన్ని ఎలక్ట్రాన్ బైప్రిజం అంటారు. ఆ మాట చెప్పేసెయ్, పాఠకులు నొచ్చుకోరు.

నిజమైన చీలికలు కావాలంటే జర్మనీలోని ట్యూబింగెన్‌కు వెళ్ళాలి. 1961లో క్లాస్ యాన్సన్ అక్కడ వాటిని చేసిన తీరు చదివితే నాకు కంసాలి పని గుర్తొస్తుంది. గాజు పలక మీద పలచటి వెండి పూత. దాని మీద ఎలక్ట్రాన్ పుంజంతో సన్నటి గీతలు గీస్తే, గీత పడ్డ చోట విద్యుత్తు సరిగా పారని పొర ఏర్పడుతుంది. తర్వాత విద్యుత్తుతో రాగి పూత వేస్తే ఆ గీతల మీద రాగి పట్టదు. రాగి పొరను ఒలిచి తీస్తే ఖాళీ చీలికలు మిగులుతాయి: పొడవు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెడల్పు 0.3, ఒకదాని నుంచి మరొకదానికి 1 మైక్రాన్. ఇంత శ్రమ ఎందుకో చెప్పకపోతే ఈ వివరమంతా దండగ. 50,000 వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0054 నానోమీటర్లు, అంటే చిన్న పరమాణువులో ఇరవయ్యో వంతు. ఒక మైక్రాన్ ఎడంలో చీలికలు పెట్టినా, మీటరు దూరంలోని తెర మీద చారల మధ్య దూరం 5 మైక్రాన్ల పైచిలుకే. అది వెంట్రుక మందంలో పదో వంతు కన్నా తక్కువ. దాన్ని ఎలక్ట్రాన్ కటకాలతో పెద్దది చేస్తే గానీ కంటికి ఆనదు.

వివర్తనాన్నీ వ్యతికరణాన్నీ నువ్వు కలగలిపేశావు. యాన్సన్ అంకెలతోనే విడదీయవచ్చు. ఒక్కో చీలిక సన్నగా ఉండటం వల్ల అందులోంచి వచ్చే తరంగం విచ్చుకుంటుంది. తెర మీద వెడల్పాటి వెలుగు పట్టీ అలా వస్తుంది, అది వివర్తనం. రెండు చీలికల తరంగాలు కలవటం వల్ల ఆ పట్టీలోపల సన్నటి చారలు పడతాయి, అది వ్యతికరణం. ఎడం 1, వెడల్పు 0.3 కాబట్టి మధ్య పట్టీలో ఏడు చారలు ఇముడుతాయని లెక్క.

ఇక అసలు వింత. ఒక చీలిక మాత్రమే తెరిచి ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు పడుతున్న కొన్ని చోట్ల, రెండోది కూడా తెరవగానే పడటం మానేస్తాయి. దారి పెంచితే రాక తగ్గింది. నడిమి చారలో మాత్రం రెట్టింపు బదులు నాలుగు రెట్లు పడతాయి. రెండు చీలికల తరంగాల కంపన పరిమితులను, అంటే వాటి ఎత్తుపల్లాలను, ముందు కూడి ఆ తర్వాత వర్గం చేయటం వల్ల వచ్చిన తేడా అది. ఈ రెండు వాక్యాలు రాయగలిగితే ‘అద్భుతం’, ‘నమ్మశక్యం కాని’ లాంటి విశేషణాలన్నీ కొట్టెయ్యవచ్చు. భౌతిక శాస్త్రవేత్త ఫైన్మన్ 1960లలో తన పాఠాల్లో దీన్ని ఊహలోనే చేసే ప్రయోగంగా చెప్పాడు. చీలికలను కదిలే తెరతో మూస్తూ తెరుస్తూ, ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే లెక్కపెడుతూ అమెరికాలోని నెబ్రాస్కాలో చేసి చూపించిన ఫలితాలు 2013లో వచ్చాయి. అక్కడి చీలికల వెడల్పు 62 నానోమీటర్లు.

‘మనిషి చూస్తే ఎలక్ట్రాన్ ప్రవర్తన మారుతుంది’ అన్న వాక్యం తీసెయ్. మన టీవీ ప్రవచనాల్లో ఇది ఇప్పటికే అరిగిపోయింది. ఏ చీలికలోంచి వెళ్ళిందన్న గుర్తు ఎక్కడైనా, ఏ పరమాణువు మీదైనా, ఏ ఫోటాన్‌లోనైనా (కాంతి కణంలోనైనా) మిగిలితే చాలు, చారలు పోతాయి. ఆ గుర్తును ఎవరూ చదవనక్కర్లేదు, గది ఖాళీగా ఉన్నా పోతాయి. గుర్తు సగం సగంగా ఉంటే చారలూ సగం సగంగా మసకబారతాయి. అద్వైతం మీద నీకు గౌరవముంటే దాని మీద వేరే రాయి. ఎలక్ట్రాన్ సాక్ష్యం లేకుండా నిలబడలేనంత బలహీనమైనదేమీ కాదది.

అలాగే ‘రెండు చీలికల్లోంచీ ఒకేసారి వెళ్ళింది’ అనీ రాయకు, ‘ఒకదాంట్లోంచే వెళ్ళింది’ అనీ రాయకు. ఏది ఎక్కడ ఎంత సంభావ్యతతో పడుతుందో లెక్క చెబుతుంది. నువ్వూ అంతవరకే చెప్పు.

ఎలక్ట్రాన్‌ను తండ్రి థామ్సన్ కణమన్నాడు, కొడుకు థామ్సన్ తరంగమన్నాడు అనే చమత్కారం అందరూ రాసిందే, వదిలెయ్. డేవిసన్, గెర్మర్‌ల 1927 నికెల్ ప్రయోగం, ఎలక్ట్రాన్లు తరంగాల్లా చెదురుతాయని చూపినది, అందరూ రాసిందే, ఒక వాక్యం చాలు. కాకపోతే 1926లో ఆక్స్‌ఫర్డ్ సభలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ ఉపన్యసిస్తూ డేవిసన్ పాత ఫలితాలనే ఎలక్ట్రాన్ తరంగాలకు రుజువుగా ఉదహరిస్తుంటే డేవిసన్ సభలో కూర్చుని విన్నాడు. ఆ సంగతి దాచుకో, అది ఇంకో వ్యాసానికి పనికొస్తుంది.

బొమ్మ వేసేటప్పుడు చీలికలను తలుపులంత పెద్దవిగా వేస్తే పక్కన అసలు కొలతలు రాయి. తిరగరాసి పంపు, ఈసారి ముందు లెక్కలు చూసి తర్వాత భాష చూస్తాను.

ఆశీస్సులతో.