చిన్న పెట్ట సంగతి

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మిగతా అయిదు కోళ్ళూ బొద్దుగా ఉంటే ఆ చిన్న పెట్ట మాత్రం పావురమంత ఉంది. నాలుగు నెలలొచ్చినా ఇంతేనా, ఏ మందు వెయ్యాలి అత్తయ్యా అని అడిగావు. మందు సంగతి తర్వాత. దానికి మేత అందుతోందో లేదో ముందు తేల్చుకో.

పొద్దుగూకి అన్నీ గూట్లో సర్దుకున్నాక దాన్ని మెల్లిగా పట్టుకో. రొమ్ముకి కాస్త పైన, కుడి పక్కన మేత సంచి చేతికి తగులుతుంది. కడుపునిండా తిన్న కోడికి అది నిమ్మకాయంత ఉబ్బి ఉంటుంది. మిగతావాటివి కూడా తడుము. వాటివి నిండుగా ఉండి దీనిది ఖాళీ తిత్తిలా ఉంటే, పాపం అది పస్తులుంటోందన్నమాట. తెల్లారి గూడు తెరవకముందు ఇంకోసారి చూడు. రాత్రికి అరిగిపోవాలి. అప్పటికీ గట్టిగానే ఉంటే మేత ఇరుక్కున్నట్టు, పశువుల డాక్టరుకి చూపించు.

నాకైతే పస్తులే అనిపిస్తోంది. ఒక్క పళ్ళెంలో నూకలు పోస్తున్నానని రాశావుగా! పెద్దవి పొడిచి తరిమేస్తే ఇది గోడ వారన నిలబడి చూస్తూ ఉంటుంది. మేత మూడు చోట్ల పెట్టు, ఒక చోట నుంచి ఇంకోటి కనపడకూడదు. నీళ్ళ చిప్పలూ అంతే. పొద్దునా సాయంత్రం ఓ అరగంట దాన్ని గంప కింద మూసి విడిగా మేపు. కానీ గంప పెరట్లోనే, మిగతావాటి కళ్ళెదుటే ఉండాలి. నేను ఒకసారి ఇలాంటి బక్కదాన్నే జాలిపడి వంటింట్లో పెట్టి నెల రోజులు సాకాను. బాగానే పుంజుకుంది. బయటికి వదిలిన పూటే, పరాయి కోడనుకుని అన్నీ కలిసి తల రక్తం కారేలా పొడిచేశాయి.

ఇక మేత. నూకలతో కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు రాదు. మా చిన్నప్పుడు పాత కుండలో పేడ, తడి గోనెముక్క కూరి సాయంత్రం చెదలున్న చోట బోర్లించేవాళ్ళం. తెల్లారేసరికి లోపలంతా చెదలే. దులిపితే కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తినేవి. మీ కాలనీలో చెదలెక్కడ తెస్తావులే, ఉడికించిన గుడ్డు చిదిమి తవుడులో కలిపి పెట్టు. కోడికి కోడిగుడ్డేమిటే అని మీ మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు, నవ్వనీ. వేరుశనగ చెక్క కూడా మంచిదే, బూజు వాసన వస్తే మాత్రం పారెయ్యి. కొట్లో కొంటే గ్రోయర్ దాణా, అంటే ఎదిగే కోళ్ళకి పెట్టేది, అడుగు. గుడ్లు పెట్టే కోళ్ళకిచ్చే లేయర్ దాణాలో సున్నం ఎక్కువ. గుడ్డు మొదలుకాని పెట్టకి అది కిడ్నీల మీద పడుతుంది.

పట్టుకున్నప్పుడే రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీసి పేలున్నాయేమో చూడు. పొడి బూడిద, ఇసుక కలిపి ఒక మూల పోస్తే కోళ్ళే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. తింటున్నా ఒళ్ళు చెయ్యకపోతే నట్టల మందు కావాలి, ఎంత వెయ్యాలో డాక్టరునే అడుగు. రెట్టలో రక్తం కనిపిస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్ళు. 8వ వారంలో వెయ్యాల్సిన కొక్కెర తెగులు టీకా వేయించావా? ఆ మాటే రాయలేదు నువ్వు.

వారానికోసారి సంచిలో వేసి తూచి క్యాలెండరు మీద రాసుకో. రోజూ చూసే కంటికి పెరుగుదల ఆనదు. అది మిగతావాటంత అవుతుందని మాత్రం ఆశపెట్టుకోకు. చిన్న గుడ్డులోంచి వచ్చిన పిల్ల చిన్నగానే మిగిలిపోవచ్చు. తోటివి ఆరేడు నెలలకి గుడ్డు పెడితే ఇది ఇంకో నెల ఆగి పెడుతుంది, అంతే. ఈలోగా పుంజుని తెస్తానంటున్నావు, ఇప్పుడే తేకు. బరువు పుంజు ఎక్కితే దీని వీపు మీద ఈకలు మిగలవు.

గంప లేదన్నావుగా, అటక మీద రెండున్నాయి. ఆదివారం మీ నాన్న వస్తున్నాడు, ఒకటి ఇచ్చి పంపిస్తాను.

మీ అత్తయ్య