జీతం రాని 42 నెలలు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పదహారేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సులను దగ్గరగా చూశాక ఆ పనే చెయ్యాలని ఉంది. కోర్సు మూడేళ్లు. ఫీజుకి సరిపడా పొదుపు చేశాను. ఇంటి అప్పు ఇంకా తీరలేదు, ఇద్దరు పిల్లలు. ఈ వయసులో ఇది తెలివైన పనేనా?

జవాబు: వయసు సంగతి వదిలేయండి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో నర్సింగ్ శిక్షణకి వెళ్లేనాటికి 31 ఏళ్లు. ఆవిడది కలిగినవాళ్ల కుటుంబం, ఇంటి అప్పు లేదనుకోండి, అది వేరే విషయం.

ఫీజుకి డబ్బుందన్నారు. అయితే ఇందులో ఫీజు చిన్న అంకె. పెద్దది, మీరు వదులుకునే జీతం. మీరు పంపిన వివరాల ప్రకారం, వాయిదాతో కలిపి ఇంటి నెల ఖర్చు 100 అనుకుంటే, మీ జీతం 60, మీ వారిది 70. ఇప్పుడు నెలకి 30 మిగులుతోంది. మీరు మానేస్తే నెలకి 30 లోటు. కోర్సు 36 నెలలే అయినా ఫలితాలు, రిజిస్ట్రేషన్, ఉద్యోగం వెతుక్కోవడం, వీటికి ఇంకో 6 నెలలు వేసుకోండి. 42 నెలలకి లోటు 1260. అంటే ఏడాదికి పైగా ఇంటి ఖర్చు.

పోయే జీతం మొత్తం 2520. నర్సుగా మీకు 75 వచ్చినా, పెరిగేది నెలకి 15. ఆ లెక్కన పోయింది తిరిగి రావడానికి 14 ఏళ్లు, అప్పటికి మీకు 58 దాటుతుంది. కాబట్టి ఎక్కువ జీతం కోసమైతే వద్దనేవాణ్ణి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, అందుకే వెళ్లమంటున్నాను.

రాజీనామాకి ముందు ఆరు నెలలు మీ జీతం లేదనుకుని ఇల్లు నడిపి చూడండి. 70తో నడవదు, నాకూ తెలుసు. ఎంత దగ్గర ఆగుతుందో తెలియాలి. 85 దగ్గర ఆగిందంటే లోటు సగానికి, 630కి దిగుతుంది. పైగా నెలకి 45 చొప్పున ఆ ఆరు నెలల్లోనే 270 పక్కన పడుతుంది. మిగతా 360, ఫీజు కాకుండా, చేతిలో ఉన్న రోజే రాజీనామా ఇవ్వండి. రిటైర్మెంట్ సొమ్ము మాత్రం ముట్టుకోవద్దు.

శని ఆదివారాల్లో ఎవరివైనా లెక్కలు చూసి సంపాదించవచ్చనిపిస్తుంది. వార్డు పోస్టింగులు, నైట్ డ్యూటీలు మొదలయ్యాక అది సాగడం కష్టం, ఆ ఆదాయాన్ని సున్నాగానే వేసుకోండి.

పే స్లిప్ చేతిలో ఉండగానే బ్యాంకుకి వెళ్లి అప్పు గడువు పెంచి వాయిదా తగ్గిస్తారేమో అడగండి. మానేశాక అడిగితే వినేవాళ్లు తక్కువ. ఆరోగ్య బీమా ఆఫీసు తరఫున ఉంటే ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి ముందే తీసుకోండి. ఇల్లంతా మీ వారి ఒక్క జీతం మీదే ఉంటుంది కనుక ఆయన పేరున టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా కూడా.

మీకు డిగ్రీ ఉంటే 12 నుంచి 18 నెలల్లో పూర్తయ్యే కోర్సులు కొన్ని దేశాల్లో ఉన్నాయి, మీ దగ్గర ఉందేమో కనుక్కోండి. జీతం లేని నెలలు ఆ మేరకి తగ్గినట్టే. ఫీజు మేమే కడతాం అనే ఆసుపత్రులుంటే బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేకపోతే రిజిస్ట్రేషనే రాదు, అది మాత్రం మీరే స్వయంగా చూసుకోండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు వీలైతే పది రోజులు ఏదైనా వార్డులో వాలంటీరుగా వెళ్లండి. కుర్చీలో పదహారేళ్లు గడిపిన నడుము, మంచం మీది మనిషిని పక్కకి తిప్పిన రోజు ఏమంటుందో అక్కడే తెలుస్తుంది.