హెర్క్యులిస్ గోలియత్ ఎలా అయ్యాడు?

ఇటలీ వాళ్ళ హెర్క్యులిస్ సినిమాలు ఇంగ్లీషులో అంత చవకబారుగా ఉండడానికి డబ్బింగే కారణమా అని అడిగారు. కానే కాదు. ఆ రోజుల్లో రోమ్‌లో నటులు తలా ఒక భాషలో మాట్లాడేవాళ్ళు, గొంతులన్నీ తర్వాత కలిపేవాళ్ళు. ఇటాలియన్ ప్రింటూ డబ్బింగే!

దెబ్బంతా ఎడిటింగ్‌లో, సంగీతంలో పడింది. విత్తోరియో కొత్తాఫావి 1960లో తీసిన ‘లా వెండెట్టా డి ఎర్కోలె’నే తీసుకోండి (ఎర్కోలె అంటే ఇటాలియన్‌లో హెర్క్యులిస్). హీరో మార్క్ ఫారెస్ట్. అమెరికాలో ఏఐపీ (అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్) కంపెనీ దాన్ని కొని ‘గోలియత్ అండ్ ద డ్రాగన్’ చేసింది. అంతకుముందు వాళ్ళు వదిలిన ‘గోలియత్ అండ్ ద బార్బేరియన్స్’ బాగా ఆడింది మరి. హెర్క్యులిస్ కాస్తా ఎమీలియస్ అయ్యాడు, బిరుదు గోలియత్.

పేరు మార్పు వల్ల పెద్ద నష్టం లేదు. డబ్బింగ్ రాసేవాళ్ళకి అసలు తంటా పెదవులు మూతపడే ప, బ, మ లతోనే. ఎర్కోలెలో అవి లేవు, గోలియత్‌లోనూ లేవు. అదే ఇటలీ వాళ్ళ ఇంకో కండల వీరుడు మాచిస్తెని గోలియత్ చేస్తే క్లోజప్‌లో ‘మ’ పట్టిచ్చేస్తుంది.

డ్రాగన్ సంగతి వేరు. టైటిల్లో పెట్టారు కాబట్టి తెర మీద చూపించాలి. దూరపు షాట్లలో జిమ్ డాన్‌ఫర్త్ చేసిన స్టాప్-మోషన్ బొమ్మ, దగ్గరికొస్తే నిలువెత్తు తలకాయ. సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య బొమ్మని రవ్వంత కదపాలి. ఫ్రేము తీసేటప్పుడు బొమ్మ కదలదు కాబట్టి మామూలు షాట్లో కదలిక వల్ల వచ్చే మసక అందులో ఉండదు, కదలిక తెగితెగి కనిపిస్తుంది. పక్క షాట్లో ఆ తలకాయేమో బిగుసుకుపోయి ఉంటుంది. రెండూ ఒకే జంతువంటే కన్ను ఒప్పుకోదు. డాన్‌ఫర్త్ పనితనాన్ని తప్పు పట్టలేం, అతికించిన తీరే తప్పు.

షాట్లు అటూఇటూ చేస్తే పాత సంగీతం మధ్యలో తెగుతుంది. అందుకే అసలు సంగీత దర్శకుడు డెరెవిట్స్కీ బాణీలు తీసేసి అమెరికా సంగీత దర్శకుడు లెస్ బాక్స్టర్ చేత కొత్తగా కొట్టించారు. కొత్తాఫావి నెమ్మదిగా నడిపిన సన్నివేశాల మీద ఆ హోరు భరించలేం. ఫ్రెంచి విమర్శకులు అంతగా మెచ్చుకున్న దర్శకుడికి ఇది అన్యాయం.

టీవీ ప్రింట్లు మరీ ఘోరం. ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పున్న తెర దృశ్యాన్ని పాత టీవీ కొలతకి (4:3) కోస్తే 43 శాతం పోతుంది, ఇద్దరు నిలబడ్డ చోట ఒకరే మిగులుతారు.

ఇటాలియన్ పేరుతోనే వెతకండి, వెడల్పు చూసుకోండి. ఎమీలియస్ అన్న పేరు వినిపిస్తే అది అమెరికా వాళ్ళు మార్చిందే.