త్రీ-వన్ మొదలయ్యేలోపు మైనర్, ఎలెక్టివ్‌ల సంగతి తేల్చుకోవడం

తమ్ముడూ, ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), టూ-టూ (రెండో ఏడాది రెండో సెమిస్టర్) అయిపోతోంది, బొబ్బిలి నుంచి విజయనగరానికి రోజూ రైల్లో వస్తున్నావు. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) మైనర్, అంటే మన బ్రాంచితో పాటు ఆ బ్రాంచి సబ్జెక్టులు కొన్ని అదనంగా, చెయ్యాలా, గేట్ (ఎంటెక్ సీట్లకి రాసే పరీక్ష) కూడా రాయగలనా, ఒక సప్లీ (తప్పి మళ్లీ రాయాల్సిన పరీక్ష) మిగిలింది అని అడిగావు. నేనూ ట్రిపుల్ ఈనే. పొందూరు నుంచి విజయనగరం తిరిగి డే స్కాలర్‌గానే చదివాను. నా సలహా: మైనర్ వద్దు.

మామూలు 160 క్రెడిట్ల మీద మైనర్‌కి మరో 18 నుంచి 20 క్రెడిట్లు చెయ్యాలి. సప్లీ ఉన్నవాళ్లకి ఇస్తారో లేదో ముందు మీ రెగ్యులేషన్ చూసుకో. ఇచ్చినా ఆ క్లాసులు ఎప్పుడు పెడతారన్నది అసలు ప్రశ్న. మా రోజుల్లో సాయంత్రం పీరియడ్లు అయ్యాకో, శనివారమో పెట్టేవారు. హాస్టల్ వాళ్లకి ఇబ్బంది లేదు, హాయిగా పూర్తి చేశారు. మాలాంటి వాళ్లకి సాయంత్రం రైలు దాటిపోతే ఇల్లు చేరేసరికి రాత్రి, ఆ తర్వాత ల్యాబ్ రికార్డు. చేరినవాళ్లలో కొందరు మధ్యలోనే మానేశారు.

త్రీ-వన్ నుంచి ఫోర్-టూ వరకు నాలుగు సెమిస్టర్లూ ఒకే కాగితం మీద రాసి చూడు. ఫోర్-వన్‌లో క్యాంపస్ డ్రైవ్‌లు మొదలవుతాయి, అది అయ్యీ అవ్వగానే ఫిబ్రవరిలో గేట్. ఫోర్-టూ ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టుకి పోతుంది. అంటే ఫోర్-వన్ ఎంత తేలిగ్గా ఉంటే నీకు అంత మంచిది. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు క్రెడిట్లకి పనికొస్తుందంటే దాన్ని త్రీ-టూలోనే, జనవరి-ఏప్రిల్ విడతలో పూర్తి చెయ్యి. 12 వారాల కోర్సుకి 3 క్రెడిట్లు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు, రెండిట్లోనూ విడివిడిగా గట్టెక్కాలి. రిజిస్టర్ అయ్యే ముందే డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకో. తర్వాత అడిగితే తిప్పుతారు.

ఇక ఎలెక్టివ్, అంటే మనం ఎంచుకునే సబ్జెక్ట్. కాగితం మీద నాలుగైదు పేర్లుంటాయి గానీ, తగినంతమంది లేకపోతే ఆ సబ్జెక్ట్ నడపరు. మా సెక్షన్‌లో చాలామంది సీనియర్లు "ఈజీ" అన్న దానికే టిక్ పెట్టబోయారు. మాలో కొందరికి హెచ్‌వీడీసీ (ఎక్కువ వోల్టేజీ డీసీలో కరెంటు పంపడం) కావాలి. బెంచీ బెంచీకీ తిరిగి ఒక నోట్‌బుక్‌లో పేర్లు రాయించుకుని, ఫామ్ ఇవ్వకముందే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఒప్పుకున్నారు. ఆ సబ్జెక్ట్ చెప్పిన సార్ గాజువాక బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్ (రెండు గ్రిడ్లని ఒకే చోట డీసీతో కలిపేది) బొమ్మ బోర్డు మీద వేసి, తూర్పు గ్రిడ్‌కీ దక్షిణ గ్రిడ్‌కీ మధ్య 1000 మెగావాట్లు ఎలా దాటిస్తారో చెప్పారు. ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్ అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. అందుకే సబ్జెక్ట్ పేరుతో పాటు, దాన్ని ఎవరు చెప్పబోతున్నారో కూడా తప్పకుండా కనుక్కో.

సీఎస్‌ఈ మీద ఇష్టాన్ని చంపుకోమని అనట్లేదు. ఓపెన్ ఎలెక్టివ్‌లో డేటా స్ట్రక్చర్స్ లాంటిది ఇస్తే అది తీసుకో, సెలవుల్లో కోడింగ్ ప్రాక్టీస్ చెయ్యి. అన్ని బ్రాంచీల వాళ్లనీ తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూలకి ఆ పట్టు చాలావరకు సరిపోతుంది. గేట్‌కి వేరే చదువు పెట్టుకోకు. కంట్రోల్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ సిస్టమ్స్ ఎలాగూ క్లాసులో వస్తాయి. ఏ యూనిట్ అయితే ఆ యూనిట్‌కి పాత గేట్ ప్రశ్నలు ఆ వారమే చేసెయ్యి. మ్యాథ్స్‌కి 13, ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులు. వీటిని రైల్లో కూర్చునే చెయ్యొచ్చు.

సప్లీ ఏ సబ్జెక్ట్‌లోనో రాయలేదు. సర్క్యూట్స్ అయితే మాత్రం ఈ వేసవిలోనే దాని మీద కూర్చో, త్రీ-వన్‌లో సగం సబ్జెక్టులు దాని మీదే నడుస్తాయి. ఏదో చెప్తే ఏ యూనిట్లు ముందు చదవాలో రాస్తాను.