బండి వెనక లాగే క్యాంపింగ్ ట్రైలర్‌తో అమెరికాలోని ఒరెగాన్ హై డెజర్ట్‌కి (ఎత్తైన ఎడారి ప్రాంతానికి) వెళ్లి పక్షులు చూడాలంటే ఎప్పుడు, ఎక్కడికి?

ఏప్రిల్‌లో మల్హ్యూర్ వెళ్లండి. ఆగ్నేయ ఒరెగాన్‌లో, బర్న్స్ ఊరికి దక్షిణంగా 1908లో ఏర్పాటైన పక్షుల సంరక్షణ కేంద్రం ఇది. ఎడారి అన్నారని ఇసుక దిబ్బలు ఊహించుకోకండి. 4,000 అడుగులకు పైన, కనుచూపు మేర సేజ్‌బ్రష్ పొదలు. స్టీన్స్ కొండ మీది మంచు కరిగి బ్లిట్జెన్ నదిలోకి దిగుతుంది, ఆ నీళ్లతో చిత్తడి నేలలు నిండుతాయి. చుట్టూ అంతా ఎండిన నేలే కాబట్టి వలస పక్షులన్నీ ఇక్కడే వాలతాయి. మన సారస కొంగకు చుట్టమైన శాండ్‌హిల్ క్రేన్ల అరుపు చాలా దూరం నుంచే వినిపిస్తుంది. వంకర ముక్కు పక్షి తెల్లమొహం ఐబిస్‌ని చూస్తే నాకైతే కొల్లేరులోని కంకణం పక్షులే గుర్తొస్తాయి.

కేంద్రం లోపల క్యాంపింగ్ కుదరదు. ఫ్రెంచ్‌గ్లెన్ ఊరి దగ్గర పేజ్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ వదిలేసి, పొద్దున్నే ఒట్టి బండితో తిరగండి. బండి దిగకుండా చూడటం మేలు. పక్షులు బండికి అంతగా బెదరవు, మనిషి కనబడితే మాత్రం ఎగిరిపోతాయి.

పెట్రోలు, నీళ్లు బర్న్స్‌లోనే నింపుకోండి. ఏప్రిల్ రాత్రుళ్లు కూడా గడ్డకట్టే చలి ఉంటుంది, ట్రైలర్ పైపులు జాగ్రత్త. స్టీన్స్ లూప్ రోడ్డు మీదికి మాత్రం ట్రైలర్ లాక్కెళ్లకండి.